పొగకూ ఒక పద్దు

నిప్పు లేనిదే పొగ రాదని సామెత. ఊరిలో ఏదైనా వదంతి పుట్టినప్పుడు దానికి ఎక్కడో ఒక ఆధారం ఉంటుందని చెప్పడానికి మనం ఈ మాటను వాడుతుంటాం. కాని దీనిని ఉన్నదున్నట్లుగా తీసుకుంటే ఇందులో ఒక శాస్త్రసత్యం కనిపిస్తుంది. పొగకు మూలం నిప్పు. నిప్పుకు మూలం ఇంధనం. కనుక ఎంత ఇంధనం కాలిందో, ఆ ఇంధనంలో ఏమేమి ఉన్నాయో తెలిస్తే, ఎంత పొగ పుట్టిందో, ఆ పొగలో ఏమేమి ఉన్నాయో చాలావరకు లెక్కకట్టవచ్చు. ఆకాశంలోకి పోయిన పొగను వెనక్కి పిలిచి తూకం వేయలేము. కాని కొలిమిలోకి పోయిన ఇంధనానికి బిల్లు ఉంటుంది, ఖాతా ఉంటుంది, తూకం చీటీ ఉంటుంది. ఆ ఖాతాయే పొగకు పద్దు. ఈ పద్దు రాయడం, రాసినదాన్ని నలుగురికీ చూపడం కర్మాగారాలకు కనీస ధర్మమని నా అభిప్రాయం.

పెనుకొండ కొండ మీద నిలబడి చూస్తే ఈ ప్రాంతపు చరిత్రతోపాటు వర్తమానమూ కనిపిస్తుంది. 1565లో జరిగిన యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధానిగా నిలిచిన కోట ఒకవైపు, యర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం మరొకవైపు ఉన్నాయి. మధ్యలో జాతీయ రహదారి మీద హైదరాబాదు, బెంగళూరుల మధ్య రాత్రింబవళ్ళు తిరిగే లారీలు. దక్షిణాన తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలున్న హిందూపురం; ఉత్తరాన చిత్రావతి ఒడ్డున పట్టుచీరలకు పేరుపొందిన ధర్మవరం. ఒకప్పుడు అనంతపురం జిల్లాలో భాగమైన ఈ మూడు పట్టణాలు 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. వానలు తక్కువైన ఈ సీమకు పరిశ్రమ ఒక ఆసరా. దానిని వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆసరాకు చెల్లిస్తున్న వెల ఎంతో తెలుసుకోవాలన్నదే ఉద్దేశం.

ఈ మూడు పట్టణాలలో ఎక్కడా చమురు శుద్ధి కర్మాగారం లేదు. అయినా శుద్ధి కర్మాగారంతో సంబంధం లేని ఇల్లు ఇక్కడ ఒక్కటీ లేదు. బస్సులో డీజిలు, బండిలో పెట్రోలు, కరెంటు పోయినప్పుడు మోగే జనరేటరులోని నూనె, రోడ్డుకు పరచిన తారు, ఇవన్నీ ఏదో ఒక శుద్ధి కర్మాగారం నుండి వచ్చినవే. వస్తువు మన ఊరికి వస్తుంది. దానిని తయారు చేసినప్పుడు పుట్టిన పొగ మాత్రం తయారైన ఊరిలోనే మిగిలిపోతుంది. అందువల్ల పొగ లెక్కను మొదట అక్కడ నేర్చుకుని, తరువాత మన ఊరికి రావడం ఉచితం.

మన రాష్ట్రంలో పెద్ద శుద్ధి కర్మాగారం విశాఖపట్టణంలోని మల్కాపురంలో ఉంది. 1957లో కాల్టెక్స్ సంస్థ దానిని నెలకొల్పింది. అనంతరం ప్రభుత్వపరమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలో విలీనమైంది. ఏడాదికి 83 లక్షల టన్నుల ముడిచమురును శుద్ధి చేసే దాని సామర్థ్యాన్ని కోటీ యాభై లక్షల టన్నులకు పెంచే విస్తరణ ఇటీవలి సంవత్సరాలలో జరిగింది. విశాఖ నగరం కొండల నడుమ గిన్నె ఆకారంలో ఉన్న పల్లంలో పెరిగింది. గాలి కదలని వేళల్లో పొగ ఆ గిన్నెలోనే నిలిచిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచికలు కట్టినప్పుడు విశాఖపట్టణానికి 70కి పైగా మార్కులు వచ్చాయి. పరీక్షలో అవి మంచి మార్కులే. ఆ సూచికలో మాత్రం 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతమని అర్థం.

శుద్ధి కర్మాగారం ఇంధనాన్ని తయారు చేసేదే కాదు, ఇంధనాన్ని విపరీతంగా కాల్చేది కూడా. ముడిచమురును వేడిచేసి ఆవిరిగా మార్చి, మరుగుస్థానాలను బట్టి పెట్రోలుగా, కిరోసినుగా, డీజిలుగా విడదీయాలి. దీనికి పెద్ద కొలుములు కావాలి. ఆవిరి కోసం బాయిలర్లు కావాలి. బరువైన నూనెను తేలికైన నూనెగా విరగగొట్టే యంత్రంలో ఉత్ప్రేరకం మీద మసి వంటి కోకు పేరుకుంటుంది, దానిని కాల్చివేయాలి. వాడుకోలేని వాయువులను ఎత్తైన మంటగొట్టం చివర వెలిగించాలి. ఇలా ఒక శుద్ధి కర్మాగారం తాను తీసుకున్న ముడిచమురులో సుమారు ఆరు నుండి పది శాతం దాకా తన అవసరాలకే ఖర్చు చేస్తుంది. ఎనిమిది శాతమనుకుంటే, కోటీ యాభై లక్షల టన్నులకు పన్నెండు లక్షల టన్నులు. అంటే రోజుకు మూడు వేల టన్నులకు పైగా ఇంధనం ఒకే ఆవరణలో కాలుతుందన్నమాట. పన్ను కట్టే ఆదాయానికి పైసాతో సహా లెక్క చెప్పే దేశంలో ఇంత మంటకు లెక్క లేకపోతే ఎలా?

ఈ పొగను లెక్కించడానికి నాలుగు మార్గాలున్నాయి. మొదటిది, పొగగొట్టంలోనే యంత్రాన్ని అమర్చి నిరంతరం కొలవడం. రెండవది, అప్పుడప్పుడు నమూనా తీసి పరీక్షించడం. మూడవది, లోపలికి వెళ్ళిన పదార్థానికీ బయటికి వచ్చిన పదార్థానికీ జమాఖర్చు సరిచూడడం. నాలుగవది, ఇలాంటి కొలిమిలో ఇలాంటి ఇంధనం ఒక టన్ను కాలితే సగటున ఇంత కాలుష్యం వస్తుందని ముందుగా పరీక్షించి నిర్ణయించిన సంఖ్యను వాడడం. ఈ సంఖ్యను ఉద్గార గుణకం అంటారు. అమెరికాలో 1968లో మొదట ప్రచురించిన ఏపీ-42 అనే సంకలనం ఇటువంటి గుణకాలకు పేరుపొందింది. ఆ పేరులోని ఏపీకి మన ఆంధ్రప్రదేశ్‌తో సంబంధం లేదు!

వీటిలో మూడవ మార్గం ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రం చదివిన విద్యార్థికి చేతిలో ఉన్న విద్యే. గంధకం పరమాణుభారం 32. అది కాలి సల్ఫర్ డయాక్సైడుగా మారితే అణుభారం 64. అంటే ఒక కిలో గంధకం కాలితే రెండు కిలోల సల్ఫర్ డయాక్సైడు వస్తుంది. బాయిలర్ నూనెలో ఒక శాతం గంధకం ఉందనుకుందాం. ఒక టన్నులో పది కిలోల గంధకం ఉంటుంది. పొగలో ఇరవై కిలోల సల్ఫర్ డయాక్సైడు ఉంటుంది. పైన చెప్పిన పన్నెండు లక్షల టన్నులూ ఇటువంటి నూనె అయితే ఏడాదికి ఇరవై నాలుగు వేల టన్నుల సల్ఫర్ డయాక్సైడు గాలిలో కలుస్తుంది. దానికి బదులు గంధకం తీసివేసిన వాయువును కాల్చితే అందులో స్వల్పభాగమే వస్తుంది. కర్మాగారం అదే, మంట అదే, ఉత్పత్తి అదే. ఏ ఇంధనం కాల్చాలన్న నిర్ణయమే పొరుగువారి ఊపిరితిత్తులకు తేడా. ఆ నిర్ణయం ఎవరు, ఎప్పుడు, ఎందుకు తీసుకున్నారో చెప్పే పత్రం ఇంధన ఖాతా ఒక్కటే.

అన్ని కాలుష్యాలూ ఇంత సులభంగా లెక్కకు లొంగవు. బొగ్గుపులుసు వాయువు లొంగుతుంది. ఒక లీటరు డీజిలు కాలితే సుమారు 2.6 కిలోలు వస్తుంది. నూనె కంటె వాయువు బరువెక్కువ ఎలా అయిందని సందేహం కలుగవచ్చు. నూనెలోని కర్బనం గాలిలోని ప్రాణవాయువును కలుపుకోవడమే దానికి కారణం. కాని నత్రజని ఆక్సైడులు అలా కావు. అవి ముఖ్యంగా ఇంధనం నుండి కాక, మంట తీవ్రమైనప్పుడు గాలిలోని నత్రజని నుండే పుడతాయి. వంటచెరకు ఒకటే అయినా పొయ్యిని బట్టి పొగ మారినట్లు, ఇవి మంట వేడిని బట్టి, బర్నరు నిర్మాణాన్ని బట్టి మారుతాయి. ఇక్కడ జమాఖర్చు చాలదు. కొలతగాని, ఉద్గార గుణకంగాని కావాలి.

ఇక్కడ మన మనస్సాక్షికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. 2000 సంవత్సరం నాటి డీజిలులో పది లక్షల పాళ్ళకు 2,500 పాళ్ళ వరకు గంధకం ఉండేది. భారత్ స్టేజ్ ప్రమాణాలు వచ్చిన కొద్దీ అది 350కి, 2017 ఏప్రిల్ నుండి దేశమంతటా 50కి, 2020 ఏప్రిల్ నుండి 10కి తగ్గింది. ధర్మవరం బస్టాండులో నిలిచిన ప్రయాణికుడికి ఇది గొప్ప మేలు. అయితే ఆ గంధకం మాయమైపోలేదు. పదార్థం నశించదని మనం చదువుకున్నాం. డీజిలు నుండి తీసిన గంధకాన్ని శుద్ధి కర్మాగారం ఘనరూపంలోకి మార్చి ఎరువులు, ఆమ్లాలు తయారు చేసేవారికి అమ్ముతుంది. కొంత బరువైన నూనెలలో మిగులుతుంది. పట్టుబడని కొద్దిభాగం పొగగొట్టం ద్వారా పోతుంది. పైగా గంధకం తీయడానికి ఉదజని కావాలి. ఉదజని తయారీకి మరింత ఇంధనం కావాలి. దానికి మరింత బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. మన ఊరి గాలి శుభ్రపడడానికి వేరొక ఊరు పని చేస్తున్నదని దీని అర్థం. ఆ ఊరి లెక్క సరిగా ఉన్నదా అని అడగవలసిన బాధ్యత ఇంధనం వాడుకునే మనకూ ఉంది.

ప్రభుత్వం ఊరకే కూర్చోలేదు. 1981లో వాయు కాలుష్య నివారణ చట్టం వచ్చింది. 2008లో చమురు శుద్ధి కర్మాగారాలకు ప్రత్యేక ప్రమాణాలు ప్రకటించారు. నూనె కాల్చే పాత కొలుముల పొగలో ఘనపు మీటరుకు 1,700 మిల్లీగ్రాములు, కొత్తవాటిలో 850 మిల్లీగ్రాములు మించి సల్ఫర్ డయాక్సైడు ఉండరాదు. 2014లో శుద్ధి కర్మాగారాలతో సహా పదిహేడు రకాల పరిశ్రమలను నిరంతరం కొలిచే యంత్రాలు పెట్టమని కేంద్ర మండలి ఆదేశించింది. ఇవన్నీ మెచ్చదగినవే. కాని ఇల్లలకగానే పండుగ కాదు. ఈ ప్రమాణాలు ఘనపు మీటరుకు ఎంత అన్నదానికే ప్రాధాన్యమిస్తాయి. ఒక పొగగొట్టం ఉన్నచోట రెండు పెడితే ఘనపు మీటరులోని మోతాదు మారదు. ఊరి మీద పడే మొత్తం మాత్రం రెట్టింపవుతుంది. రోగికి చెంచాలో మందు ఎంత చిక్కగా ఉందో చెప్పి, ఎన్ని చెంచాలు తాగించామో చెప్పకపోవడం వంటిదే ఇది. మొత్తం బరువు తెలియాలంటే ఇంధన ఖాతా కావాలి.

ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి సాక్ష్యం కూడా చెప్పగలవు. ఒక టన్ను బాయిలర్ నూనె కాలితే సుమారు పన్నెండు వేల ఘనపు మీటర్ల పొడి పొగవాయువు వస్తుంది. ఒక శాతం గంధకమున్న నూనెకు ఇరవై కిలోల సల్ఫర్ డయాక్సైడును ఈ పన్నెండు వేలతో భాగిస్తే ఘనపు మీటరుకు దాదాపు 1,700 మిల్లీగ్రాములు. అంటే చట్టంలోని సంఖ్యకు అర్థం ఒక శాతం గంధకమన్నమాట. ఖాతాలో రెండు శాతం గంధకమున్న నూనె కనబడి, పొగను కడిగే ఏర్పాటు లేకుండానే యంత్రం 1,200 అని చూపితే, రెంటిలో ఒకటి అబద్ధమాడుతున్నదని పదవ తరగతి లెక్కలు వచ్చినవాడు కూడా చెప్పగలడు.

అంచనా అంచనాయే గాని కొలత కాదని కొందరు ఆక్షేపిస్తారు. ఆ మాట నిజమే. ఉద్గార గుణకం ఎన్నో కర్మాగారాల సగటు. ఏ ఒక్క కర్మాగారమూ సగటు కాదు. అమెరికా బొగ్గుకు కట్టిన సంఖ్యను బూడిద అధికంగా ఉండే మన బొగ్గుకు గుడ్డిగా వాడితే తప్పుతాము. కాలకుండానే కీళ్ళ నుండి, తొట్ల నుండి కారిపోయే ఆవిరుల విషయంలో అంచనాలు ఘోరంగా విఫలమైన సందర్భాలున్నాయి. అమెరికాలోని హ్యూస్టన్ పరిసరాల పెట్రోరసాయన కర్మాగారాల దగ్గర 2006లో శాస్త్రజ్ఞులు గాలిని స్వయంగా కొలిచినప్పుడు, కొన్ని వాయువులు పత్రాలలో చూపిన దానికంటె దాదాపు పది రెట్లు ఎక్కువగా కనిపించాయి. అయితే ఈ ఉదాహరణ లెక్కను మానుకోమని చెప్పదు. పత్రాలలో ఒక సంఖ్య ఉన్నది కాబట్టే అది తప్పని తేలింది. సంఖ్యే లేకపోతే తప్పు పట్టడానికి కూడా ఏమీ ఉండదు. పైగా కారిపోయే ఆవిరి కంటె కాలిపోయే ఇంధనం నమ్మదగిన పద్దు. డబ్బు పెట్టి కొన్నదానిని ఎవరూ తూకం వేయకుండా కొనరు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఒక చిన్న కర్మాగారం బాయిలరులో రోజుకు అయిదు టన్నుల బొగ్గు కాలుతున్నదనుకుందాం. అందులో అర శాతం గంధకం, ముప్పై అయిదు శాతం బూడిద ఉన్నాయనుకుందాం. గంధకం 25 కిలోలు; సల్ఫర్ డయాక్సైడు 50 కిలోల వరకు. బూడిద 1,750 కిలోలు. అందులో పదో వంతు పొగతోపాటు లేచినా 175 కిలోలు. గాలిని సుడి తిప్పి ధూళిని రాల్చే సాధనం నూటికి 80 పాళ్ళు పట్టుకుంటే 35 కిలోలు బయటికి పోతుంది. గుడ్డ సంచుల వడపోత 99 పాళ్ళు పట్టుకుంటే రెండు కిలోల లోపే పోతుంది. ఒక ఊరికి 175 కిలోలు, 35 కిలోలు, రెండు కిలోలు అన్న మూడు సంఖ్యల మధ్య తేడా పిల్లల దగ్గుకు, ఆరేసిన బట్టల మీది మసికి, పొలంలోని ఆకుల మీది దుమ్ముకు ఉన్న తేడాయే.

ఈ లెక్కలోనే ఒక మోసానికి తావుంది. దాన్ని పట్టే ఉపాయమూ ఉంది. వడపోత ఉన్నదని కాగితంలో రాసి, రాత్రివేళ దానిని ఆపివేసినా లెక్క మాత్రం 99 శాతమే చూపుతుంది. అప్పుడు బూడిద కుప్పను అడగాలి. వడపోత పని చేసి ఉంటే రోజుకు 173 కిలోల సన్నబూడిద సంచులలో దొరికి ఉండాలి. ఆ బూడిద ఏది? ఇటుకల వారికి అమ్మితే రసీదు ఉంటుంది. ఆవరణలో పోస్తే కుప్ప ఉంటుంది. రెండూ లేకపోతే అది మన ఇళ్ళ కప్పుల మీద ఉంటుంది. కొలిచే యంత్రాన్ని కొనలేని చోట కూడా ఇంధన ఖాతా, బూడిద ఖాతా కలిసి తనిఖీ అధికారిలా పనిచేస్తాయి.

ధర్మవరం సంగతి కొంచెం వేరు. ముడిపట్టుకు ఉన్న సహజమైన జిగురు పోవడానికి నూలును సబ్బు, సోడా కలిపిన నీటిలో ఉడికించాలి. తరువాత వేడి రంగునీటిలో ముంచాలి. చిన్న అద్దకపు కొట్టాలలో ఈ వేడి చాలావరకు కట్టెల మంట నుండి వస్తుంది. ఇక్కడ గంధకం బెడద స్వల్పం; పొగ, సన్నని ధూళి బెడద ఎక్కువ. పచ్చికట్టెకు ఎక్కువ పొగ, ఎండుకట్టెకు తక్కువ పొగ అన్నది ఏ ఉద్గార గుణకం చెప్పకముందే మన తల్లులకు తెలిసిన శాస్త్రం. ఈ అద్దకపు పనివారిని శుద్ధి కర్మాగారంతో సమానంగా చూసి నోటీసులు పంపడం న్యాయం కాదు. వారికి కావలసింది దండన కాదు. మంచి పొయ్యి, ఎత్తైన పొగగొట్టం, చేతనైతే ఉమ్మడి ఆవిరి కేంద్రం. అయితే సాయం అడగడానికైనా లెక్క కావాలి. ఏడాదికి ఎన్ని టన్నుల కట్టెలు కాలుతున్నాయో తెలియని ఊరికి ఎంత సాయం కావాలో ఎవరు చెప్పగలరు? మంట ముందు రోజంతా నిలబడే అద్దకం పనివాడి ఊపిరి ఈ లెక్కలో మొదటి పద్దు కావాలి.

నేను కోరేది కొత్త చట్టం కాదు. 1990ల ఆరంభంలో వచ్చిన నిబంధన ప్రకారం కాలుష్య మండలి అనుమతి పొందిన కర్మాగారాలు ఏటా పర్యావరణ నివేదికను మండలికి సమర్పించే పద్ధతి ఏర్పడింది. అది కచేరీ బీరువా చేరి ఆగిపోకూడదు. ఏ ఇంధనం, ఎన్ని టన్నులు, ఎంత గంధకం, ఎంత బూడిద, దాని నుండి లెక్కకు వచ్చిన పొగ ఎంత అన్న ఐదు వరుసలను తెలుగులో రాసి, కర్మాగారం గేటు దగ్గర, పంచాయతీ కార్యాలయం దగ్గర బల్ల మీద ప్రకటించాలి. భోపాల్‌లో 1984లో జరిగిన దుర్ఘటనను చూసి, 1986లో అమెరికా తన ప్రజలకు ఇటువంటి సమాచారపు హక్కును చట్టంగా ఇచ్చింది. కొలతలు లేనిచోట సమంజసమైన అంచనాలైనా తెలపాలని ఆ చట్టం శాసించింది. మన నేల మీద జరిగిన దుఃఖం నుండి వేరే దేశం నేర్చిన పాఠాన్ని మనం నేర్చుకోవడానికి సందేహించడం తగదు.

చేసిన పాపం చెబితే పోతుందని మన పెద్దల మాట. పొగ విషయంలో చెప్పినంత మాత్రాన పాపం పోదు గాని, చెప్పకపోతే ఎన్నటికీ పోదు. నిజాయితీగా లెక్క రాసిన కర్మాగారం, తాను వృథాగా కాల్చిన ఇంధనాన్ని తానే కనుగొంటుంది; దాని పొగ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. హిందూపురంలోనో, పెనుకొండలోనో, ధర్మవరంలోనో చదువుతున్న విద్యార్థికి ఈ లెక్కకు కావలసిన గుణకారం, భాగహారం, పరమాణుభారాల పట్టిక ఇప్పటికే వచ్చు. ఇక కావలసింది గేటు దగ్గర నిలబడి మర్యాదగా ఒక ప్రశ్న అడిగే అలవాటు. "అయ్యా, ఈ నెల ఎంత కాల్చారు?" అన్న ఆ చిన్న ప్రశ్నకు సమాధానం దొరికిన రోజున, మన ఊరి గాలికి కూడా ఒక పద్దు మొదలవుతుంది.